గెలాక్టిక్ స్టార్‌క్రూజర్ వివాదం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో పద్దెనిమిది, పందొమ్మిది నెలల పాటు నడిచి మూతపడిన గెలాక్టిక్ స్టార్‌క్రూజర్ అనే హోటల్ గురించి, స్టార్ వార్స్ అంతరిక్ష సినిమాల ఆధారంగా కట్టిన దాని గురించి, అభిమానుల మధ్య ఇప్పటికీ వాదోపవాదాలు జరుగుతున్నాయి. దాన్ని చూడకుండానే ఈ చర్చలోకి వచ్చినవారికీ, చూసి వచ్చి ఎదుటివారి కోపం అర్థం కాని వారికీ ఉపయోగపడే విధంగా, తరచుగా ఎదురయ్యే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు రాస్తున్నాను. ఎక్కడ జరిగిన విషయం చెబుతున్నానో, ఎక్కడ నా అభిప్రాయం చెబుతున్నానో చదువరులకు తెలిసేలా జాగ్రత్త పడ్డాను.

గెలాక్టిక్ స్టార్‌క్రూజర్ అంటే అసలు ఏమిటి?

ఓర్లాండో సమీపంలో డిస్నీ హాలీవుడ్ స్టూడియోస్ పార్కు పక్కనే కట్టిన వంద గదుల భవనం అది. అయితే అతిథికి దాన్ని భవనంగా కాక, చండ్రిలా స్టార్ లైన్ అనే కల్పిత సంస్థ నడిపే ‘హాల్సియన్’ అనే విహార అంతరిక్ష నౌకగా చూపించేవారు. రెండు రాత్రుల ప్రయాణం. మధ్యలో ఎక్కడానికీ దిగడానికీ వీలు లేదు. అందరూ ఒకే రోజు ఎక్కి ఒకే రోజు దిగాలి. ఆ రెండు రాత్రులూ నౌకలో ఒక కథ జరుగుతూ ఉంటుంది. నటులు నౌక సిబ్బందిగా, గాయనిగా, శత్రు సైన్యాధికారిగా తిరుగుతూ ఉంటారు. అతిథి ఏదో ఒక పక్షం చేరి ఆ కథలో తన వంతు పాత్ర పోషించాలి. 2017 లో డి23 ఎక్స్‌పో అనే డిస్నీ అభిమానుల సమావేశ వేదిక మీద, అప్పటికి డిస్నీ పార్కుల విభాగానికి అధిపతిగా ఉన్న బాబ్ చేపెక్ దీన్ని ప్రకటించారు. 2022 మార్చి 1 న మొదటి ప్రయాణం మొదలైంది. 2023 సెప్టెంబరు చివర్లో ఆఖరి ప్రయాణం ముగిసింది.

మూతపడిపోయిన హోటల్ గురించి ఇంకా వాదన ఎందుకు?

వాదిస్తున్న రెండు పక్షాలూ రెండు వేర్వేరు వస్తువుల గురించి మాట్లాడుతున్నాయి కనుక. ఒక పక్షం దాన్ని హోటల్‌గా లెక్కగట్టి, ఈత కొలను లేని, వ్యాయామశాల లేని, కిటికీ స్థానంలో తెర ఉన్న ఇరుకు గదికి అంత డబ్బా అని నిలదీస్తుంది. మరో పక్షం దాన్ని రెండు రోజుల నాటకంగా లెక్కగట్టి, తనను పేరు పెట్టి పిలిచి, తన నిర్ణయాన్ని గుర్తు పెట్టుకుని, మర్నాడు ఆ సంగతి ఎత్తి మాట్లాడిన నటుల శ్రమకు అది తక్కువ ధరే అంటుంది. పెళ్లికి వెళ్లి వచ్చిన ఇద్దరిలో ఒకరు విడిది గది గురించీ, మరొకరు పెళ్లి గురించీ చెబుతుంటే ఇద్దరి మాటా ఎలా కలవదో ఇక్కడా అలాగే కలవడం లేదు.

ఇందులో డిస్నీ బాధ్యత లేకపోలేదు. తెరిచే సమయానికి సంస్థ దీన్ని ‘అనుభవం’ అనే పిలవడానికి ప్రయత్నించింది కానీ, 2017 నుంచీ జనంలోకి వెళ్లింది స్టార్ వార్స్ హోటల్ అనే మాటే. హోటల్ అని విన్నవాడు రాత్రికి ఎంత అనే అడుగుతాడు.

ధర ఎంత ఉండేది? అందులో ఏమేమి కలిసి ఉండేవి?

ప్రారంభంలో డిస్నీ ప్రకటించిన నమూనా ధరల ప్రకారం, ఒక గదిలో ఇద్దరు ఉంటే మొత్తం ప్రయాణానికి 4,809 డాలర్లు, ఇద్దరు పెద్దలు ఒక చిన్నారి అయితే 5,299 డాలర్లు, ముగ్గురు పెద్దలు ఒక చిన్నారి అయితే 5,999 డాలర్లు. రద్దీ తక్కువగా ఉండే రోజుల ధరలివి. పండుగలకూ సెలవులకూ ఇంకా ఎక్కువ. ఇద్దరికి అయ్యే కనీస మొత్తమే అప్పటి మారకం రేటులో మూడున్నర లక్షల రూపాయల పైమాట. విమాన టిక్కెట్లు, ముందూ వెనుకా ఓర్లాండోలో ఉండే రోజుల ఖర్చు దీనికి అదనం.

భోజనాలు, మద్యం కాని పానీయాలు, నౌకలోని కార్యక్రమాలు, మధ్యలో ఒక రోజు హాలీవుడ్ స్టూడియోస్ పార్కులోకి ప్రవేశం, అక్కడి గెలాక్సీస్ ఎడ్జ్ అనే స్టార్ వార్స్ ప్రాంతంలోని రెండు ప్రధాన రైడ్లకు క్యూ లేకుండా అవకాశం, అక్కడ ఒక పూట భోజనం ఇందులో కలిసి ఉండేవి. మద్యానికీ, కెప్టెన్ బల్ల దగ్గర కూర్చుని తినడానికీ, అంగడిలో అమ్మే దుస్తులకూ వేరే డబ్బు. నౌకలో వడ్డించిన వాటిలో నీలిరంగు రొయ్యలు బాగా పేరు పొందాయి. గోదావరి జిల్లాల పాఠకులకు రొయ్య నీలంగా ఉంటే తినాలనిపించకపోవచ్చు గానీ, అక్కడ అదే ఆకర్షణ.

అంత ధర న్యాయమైనదేనా?

ఖర్చు వైపు నుంచి చూస్తే న్యాయమే అని నా అభిప్రాయం. వందల మంది అతిథుల మధ్య రెండు రోజుల పాటు, ఉదయం నుంచి రాత్రి వరకు పాత్ర వదలకుండా తిరిగే నటబృందం, వారికి వెనుక నుంచి సమాచారం అందించే సిబ్బంది, వంటవారు, సాంకేతిక నిపుణులు అందరూ కేవలం ఆ వంద గదుల కోసమే పనిచేస్తారు. అదే నటబృందం ఒక థీమ్ పార్కులో ఉంటే రోజుకు వేల మంది చూస్తారు. తలకు పడే ఖర్చు ఎక్కువ కావడంలో ఆశ్చర్యం ఏమీ లేదు.

కొనేవాడి వైపు నుంచి చూస్తే లెక్క మారుతుంది. ఇద్దరికి ఉన్న ధరను విడదీస్తే మనిషికి రాత్రికి దాదాపు 1,200 డాలర్లు. నలుగురైతే 750 డాలర్లు. మూడు రోజులు అని చెప్పినా, మొదటి రోజు మధ్యాహ్నం ఎక్కి మూడో రోజు ఉదయం దిగిపోవాలి కనుక చేతికి దక్కేది రెండు రోజుల కన్నా తక్కువే. ఆ తక్కువ సమయంలో ఒకరికి కథ మొత్తం తన చుట్టూ తిరిగినట్టు అనిపించవచ్చు, పక్క గదిలోని వారికి ఎవరూ పలకరించకుండానే ప్రయాణం అయిపోవచ్చు. ఇద్దరూ కట్టిన సొమ్ము ఒక్కటే. ఈ వివాదంలో నేను తేల్చుకున్నది ఇదే: ధర ఎక్కువ కావడం అసలు దోషం కాదు, ఆ ధరకు ఎవరికి ఎంత దక్కుతుందో అదృష్టానికి వదిలేయడం దోషం. మామూలు నాటకానికి వెళ్లి అది నచ్చకపోతే వంద డాలర్లు పోతాయి. ఇక్కడ ఒక కుటుంబం ఏడాది పొడుగునా దాచుకున్న సొమ్ము పోతుంది.

లోపల అతిథి ఏం చేసేవాడు?

బయటి నుంచి అది కిటికీలు లేని కాంక్రీటు పెట్టె. ఆ రోడ్డు మీద వెళ్లేవారు తీసిన ఫోటోలు చూసి చాలామంది ఎగతాళి చేశారు. అయితే ఆ ముఖభాగం ఒక విమానాశ్రయ టెర్మినల్ మాత్రమే అన్నది కథలోని ఏర్పాటు. అతిథులను కొద్దికొద్దిమందిగా ‘లాంచ్ పాడ్’ అనే చిన్న గదిలోకి పంపేవారు. తలుపు మూసుకుంటుంది, నేల అదురుతుంది, పైనున్న తెరలో భూమి వెనక్కి పోయి నక్షత్రాలు వస్తాయి, దూరాన ఉన్న నౌక దగ్గరవుతుంది. మళ్లీ తలుపు తెరుచుకునేసరికి ఎదురుగా రెండు అంతస్తుల ఎత్తున్న మెరిసే హాలు. ఈ ఒక్క నిమిషాన్ని తప్పుపట్టినవారు విమర్శకుల్లో కూడా తక్కువ.

అక్కడి నుంచి పనులు మొదలవుతాయి. నౌక బ్రిడ్జి మీద, అంటే నౌకను నడిపే గదిలో, చిన్న బృందాలుగా నిలబడి రక్షణ కవచాలు, ఆయుధాలు, సరుకు ఎత్తే యంత్రాలు, నౌక వ్యవస్థలు అనే నాలుగు స్థానాల్లో మారుతూ శిక్షణ పొందాలి. తరువాత కథలో దాడి జరిగినప్పుడు ఆ శిక్షణే అక్కరకు వస్తుంది. లైట్‌సేబర్ (వెలుగు కత్తి) శిక్షణలో కాంతి పుంజాలను అడ్డుకోవాలి. సబ్‌లైట్ లౌంజ్ అనే బార్‌లో సబాక్ అనే పేకాట బల్ల ఉండేది. రాత్రి భోజనం వేళ గయా అనే గాయని పాడుతుంది. నీలి వర్ణపు ముఖం ఉన్న కెప్టెన్ రియోలా కీవన్ ఫస్ట్ ఆర్డర్ అనే శత్రు సైన్యపు అధికారి లెఫ్టినెంట్ హర్మన్ క్రోయ్ ముందు మర్యాదగా మాట్లాడుతూనే లోలోపల తిరుగుబాటుదారులకు సాయపడుతుంటుంది. తిరుగుబాటుదారుల పక్షాన ఉన్న చూబాకాను ఆ అధికారి కంటపడకుండా దాచే పనిలో అతిథులకూ వాటా ఉండేది. పెద్ద హాలు పై అంతస్తులో కథానాయిక రే, ప్రతినాయకుడు కైలో రెన్ తలపడే ఘట్టంతో రెండో రాత్రి కథ ముగుస్తుంది. అందులో రే చేతిలో కత్తి పిడి నుంచి వెలుగు కడ్డీ నిజంగానే పైకి లేస్తుంది. సినిమాలో కంప్యూటర్ చేసిన పనిని కళ్లెదుట యంత్రంతో చేసి చూపించడం డిస్నీ ఇంజినీర్ల ఘనత.

రెండో రోజు పగలు అతిథులను ‘రవాణా నౌక’లో బటూ గ్రహానికి తీసుకువెళ్లేవారు. అసలు సంగతి, అది లోపల అలంకరించిన ట్రక్కు; బటూ అంటే పక్కనే ఉన్న పార్కు. అక్కడ మామూలు సందర్శకుల మధ్య ఎండలో తిరుగుతూ ఫోన్ చూసుకుంటూ కథలోని పనులు చేయాలి. చాలామందికి భ్రమ సడలిన చోటు ఇదే.

నటులతో సంభాషణ బాగుండేదని అందరూ అంటున్నారు. మరి ఫోన్ గురించి ఆ ఫిర్యాదులు ఏమిటి?

కథ అంతా ‘డేటాప్యాడ్’ మీద నడిచేది. అది అతిథి సొంత ఫోన్‌లో ఉండే డిస్నీ యాప్‌లోని ఒక భాగం. పాత్రలు అందులో సందేశాలు పంపుతాయి; అతిథి ఇచ్చిన జవాబులను బట్టి, ఏ పనులు చేశాడన్నదాన్ని బట్టి, అతను ఫస్ట్ ఆర్డర్ వైపు ఉన్నాడా, తిరుగుబాటుదారుల వైపు ఉన్నాడా, స్మగ్లర్లతో తిరుగుతున్నాడా అని లెక్కగట్టి, ఏ రహస్య సమావేశానికి పిలవాలో నిర్ణయించేవారు. లెక్క సరిగ్గా పడినవారికి ఇదొక అద్భుతం. ఎక్కడో చిక్కుపడినవారికి మాత్రం తాము ఎంచుకున్న దారి పోయి, సంబంధం లేని సమావేశాలకు పిలుపులు వచ్చేవి, లేదా అసలు వచ్చేవే కావు. అటువంటి స్థితిలో ఎవరిని అడగాలి? నటుణ్ణి అడిగితే అతను పాత్రలో ఉన్నాడు. నౌకలో ఫోన్ పాడయిందని చెప్పడమే కథకు విరుద్ధం.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. చుట్టూ కోట్ల డాలర్ల సెట్టు పెట్టుకుని తలవంచి ఫోన్‌లో సందేశాలకు జవాబులు ఇస్తూ కూర్చోవలసి రావడం. పిల్లలను ఫోన్ వదలమని పోరే తల్లిదండ్రులు ఇక్కడ ఫోన్ తీయమని పోరవలసి వచ్చింది.

2024 లో మళ్లీ ఈ గొడవ ఎందుకు రేగింది?

2024 మే నెలలో జెన్నీ నికోల్సన్ అనే యూట్యూబర్ తన ప్రయాణం గురించి నాలుగు గంటలు దాటిన వీడియో పెట్టారు. ఆమె స్టార్ వార్స్ అంటే పడనివారు కాదు, థీమ్ పార్కులంటే ఎంతో ఇష్టం ఉన్నవారు. సొంత సొమ్ము పెట్టి వెళ్లారు. భోజన ప్రదర్శన రోజున ఆమెకు కేటాయించిన కుర్చీకీ వేదికకూ మధ్య ఒక స్తంభం అడ్డు వచ్చింది. ఆ స్తంభం దృశ్యం ఆ వీడియోకే గుర్తుగా మిగిలిపోయింది. యాప్ తన ఎంపికలను సరిగ్గా పట్టుకోలేదని కూడా ఆమె వివరంగా చూపించారు. లక్షల మంది చూసిన ఆ వీడియోతో, అప్పటి వరకు స్టార్‌క్రూజర్ గురించి ఏమీ తెలియని వారికి కూడా ఒక స్థిరమైన అభిప్రాయం ఏర్పడింది.

అభిమానుల అభ్యంతరం ఏమిటంటే, ఒక్క ప్రయాణాన్ని బట్టి మొత్తాన్ని తూచకూడదు అని. ఈ అభ్యంతరంలో కొంత న్యాయం ఉంది. కానీ చాలామంది కొనుగోలుదారులకు దక్కేది ఒకే ఒక్క ప్రయాణం కనుక, ఆ ఒక్కదాన్ని బట్టి తూచవద్దని చెప్పడం కొనుగోలుదారుడి విషయంలో కుదరదు. నటులను ఆమె కూడా మెచ్చుకున్నారన్నది రెండు పక్షాలవారూ తరచుగా మరచిపోయే సంగతి.

పాత సినిమాల్లోని డార్త్ వేడర్, ల్యూక్ లేకుండా కొత్త సినిమాల కాలాన్ని ఎందుకు ఎంచుకున్నారు? అదే దెబ్బతీసిందా?

పక్కనున్న గెలాక్సీస్ ఎడ్జ్ కూడా అదే కాలంలో, అంటే రే, కైలో రెన్ సినిమాల కాలంలో జరుగుతున్నట్టు కట్టారు. 2019 లో తెరిచిన ఆ ప్రాంతంతో నౌక కథ అతకాలి. పథకం వేసిన రోజుల్లో ఆ సినిమాలు థియేటర్లలో నడుస్తున్నాయి కనుక ఆ నిర్ణయం సహజమే. కానీ నౌక తెరిచే నాటికి ఆ సినిమాల మీద అభిమానుల మధ్యే చీలిక వచ్చేసింది. పైగా ఇంత సొమ్ము పెట్టగలిగే వయసువారు ఎక్కువగా 1977 నుంచి 1983 వరకు వచ్చిన తొలి మూడు సినిమాలతో పెరిగినవారు. వారికి కావలసిన ముఖాలు నౌకలో దాదాపు లేవు. ఇది దెబ్బతీసిన కారణాల్లో ఒకటే గానీ, ఏకైక కారణం అనేవారితో నేను ఏకీభవించను. లోపలికి వెళ్లినవారు కొత్త పాత్రలతోనే స్నేహం చేసి వచ్చారు.

పార్కులో ఉచితంగా రావలసినదాన్ని హోటల్‌లో పెట్టి అమ్ముకున్నారన్న ఆరోపణ నిజమా?

గెలాక్సీస్ ఎడ్జ్ గురించి మొదట్లో చెప్పినప్పుడు, మీరు చేసిన పనులను బట్టి అక్కడివారు మిమ్మల్ని గుర్తుపడతారు, పాత్రలు వీధుల్లో తిరుగుతుంటాయి అన్న భావన అభిమానుల్లో బలంగా కలిగించారు. తెరిచాక చూస్తే ఆ వీధుల్లో అంత సందడి లేదు. మూడేళ్ల తరువాత సరిగ్గా ఆ సందడే తలుపు వెనుక, వేల డాలర్ల ధరతో కనిపించింది. దాన్ని కావాలనే ఇటు నుంచి అటు మార్చారని ఎవరైనా అంటే అది ఊహ. కానీ అభిమానికి అలా అనిపించడంలో తప్పులేదు.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. 2014 వేసవిలో కాలిఫోర్నియా డిస్నీలాండ్‌లో ‘లెజెండ్స్ ఆఫ్ ఫ్రాంటియర్‌లాండ్’ అనే ఆట నడిచింది. పార్కు టిక్కెట్టు తప్ప వేరే ఖర్చు లేదు. సందర్శకులు రెండు ఊళ్ల పక్షాలుగా చీలి, నటులతో బేరాలాడి, చెక్క బిళ్లలను నాణేలుగా వాడి, స్థలాలు ఆక్రమించుకున్నారు. ఫోన్ అక్కరలేదు. దాన్ని ఆడినవారు ఇప్పటికీ ప్రేమగా చెప్పుకుంటారు. తక్కువ ఖర్చుతో పాత్రధారణ సాధ్యమేనని డిస్నీకి తెలుసు అని వాదించేవారికి ఇదే బలమైన ఆధారం.

సిగ్గరులకు ఇటువంటిది పనికివస్తుందా?

తక్కువ. వచ్చి పలకరించిన వారితోనే నటులు ముందు మాట్లాడతారు. చొరవ ఉన్నవారికి కథ ఎక్కువ దక్కుతుంది. వేషం వేసుకుని రావడం తప్పనిసరి కాదు, కానీ అతిథుల్లో చాలామంది వేసుకునేవారు. డిస్నీ పార్కుల్లో 14 ఏళ్లు దాటినవారికి వేషధారణ మామూలుగా నిషేధం కనుక, పెద్దలు వేషాలు కట్టడానికి వచ్చిన ఈ అరుదైన అవకాశాన్ని అభిమానులు పూర్తిగా వాడుకున్నారు.

అంత బాగుంటే ఎందుకు మూతపడింది?

గదులు నిండలేదు. ఎందుకు నిండలేదో చెప్పడానికి చిన్న లెక్క వేద్దాం. రెండు రాత్రులకు ఒక ప్రయాణం అనుకుంటే ఏడాదికి గరిష్ఠంగా నూట ఎనభై ప్రయాణాలు. ప్రతిసారీ వంద గదులూ నిండి, గదికి సగటున 5,000 డాలర్లు వచ్చినా మొత్తం ఆదాయం తొమ్మిది కోట్ల డాలర్లు. జీతాలు, వంట, నిర్వహణ అన్నీ అందులోంచే. దీనికి ఏటా పద్దెనిమిది వేల గదుల బేరం కావాలి. ఒక్కసారి వెళ్లి కథ తెలిసిపోయినవారు మళ్లీ అంత సొమ్ము పెట్టి రావడం అరుదు కనుక, ప్రతి ఏడాదీ దాదాపు అంతమంది కొత్తవారు దొరకాలి. స్టార్ వార్స్‌ను ప్రేమించాలి, పాత్రధారణ అంటే భయం ఉండకూడదు, చేతిలో ఐదారు వేల డాలర్లు ఉండాలి. మొదటి ఏడాది అటువంటివారు ఎగబడి వచ్చారు. తరువాత ఆ వరుస పలచబడింది.

ప్రచారం కూడా దెబ్బతీసింది. 2021 చివర్లో డిస్నీ విడుదల చేసిన ఒక వీడియో చప్పగా కనిపించి, ఎగతాళి పెరిగాక దాన్ని తీసేశారు. లోపల జరిగేది వీడియోలో పట్టుబడే రకం కాదు. నటుడు మీ కళ్లలోకి చూసి మాట్లాడితే కలిగేది ఫోన్ తెర మీద మూడో మనిషికి కలగదు. చూపించకపోతే ఎవరూ కొనరు, చూపిస్తే చౌకగా కనిపిస్తుంది.

2023 మే 18 న మూసివేత ప్రకటించారు. ప్రకటన వచ్చాక మిగిలిన ప్రయాణాల కోసం అభిమానులు ఎగబడటం ఒక విచిత్రం. ఆ భవనానికి సంబంధించి రెండు త్రైమాసికాల్లో సుమారు 25 కోట్ల డాలర్ల వేగవంతమైన తరుగుదలను (అంటే భవనం విలువను ముందుగానే తగ్గించి రాసుకోవడాన్ని) డిస్నీ తన లెక్కల్లో చూపించింది. పై లెక్కలోని ఆదాయంతో దీన్ని పోల్చి చూస్తే, మూసేయడానికి సంస్థ ఎందుకు ఆలస్యం చేయలేదో తెలుస్తుంది.

ఫ్లోరిడా గవర్నరుతో డిస్నీ తగాదా వల్ల మూసేశారని విన్నాను.

మూసివేత ప్రకటించిన రోజునే, దాదాపు వంద కోట్ల డాలర్లతో లేక్ నోనాలో కట్టదలచిన కార్యాలయ సముదాయాన్ని డిస్నీ రద్దు చేసుకుంది. గవర్నర్ రాన్ డిశాంటిస్‌తో న్యాయపోరాటం అప్పుడు నడుస్తోంది. రెండు వార్తలూ ఒకే రోజు రావడంతో ఈ కథనం పుట్టింది. గదులు నిండకపోవడం అంతకు ముందు నుంచీ ఉన్నదే కనుక, రాజకీయాన్ని కారణంగా చూపడం నాకు సరికాదనిపిస్తుంది. 2022 నవంబరులో, అప్పటికి సీఈఓగా ఉన్న చేపెక్ స్థానంలో బాబ్ ఐగర్ తిరిగి సీఈఓ కావడం, ఖర్చుల కోత మొదలుపెట్టడం దీనికన్నా దగ్గరి సంబంధం ఉన్న విషయాలు.

లార్ప్ (పాత్రధారణ ఆటలు) ఆడేవారు దీని గురించి ఏమంటారు?

ఇది డిస్నీ కనిపెట్టిన కళ కాదని ముందుగా గుర్తు చేస్తారు. వేషం కట్టి, పాత్రగా జీవించి ఆడే ఈ ఆటలకు ఉత్తర ఐరోపాలో గట్టి సంప్రదాయం ఉంది. 2013 లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ రేవులో మ్యూజియంగా ఉన్న స్మోలాండ్ అనే పాత యుద్ధనౌకనే అంతరిక్ష నౌకగా మార్చి ‘ది మానిటర్ సెలెస్ట్రా’ అనే ఆట ఆడారు. 2014 లో పోలాండ్‌లోని చోఖా కోటలో ‘కాలేజ్ ఆఫ్ విజార్డ్రీ’ మొదలైంది. నిజమైన కోటలో మంత్రవిద్యార్థులుగా కొన్ని రోజులు బతకడం. వాటిలో ఆటగాడికి ముందే పాత్ర వివరాలు అందుతాయి, ఆట మొదలయ్యే ముందు అందరూ కలిసి సాధన చేస్తారు, ఇబ్బంది కలిగితే ఆట ఆపడానికి సంకేతాలు నేర్చుకుంటారు. అక్కడ కథను నడిపేది ప్రధానంగా ఆటగాళ్లే.

స్టార్‌క్రూజర్ ఈ సాధన దశను దాదాపు వదిలేసింది. మధ్యాహ్నం ఎక్కిన కుటుంబం సాయంత్రానికల్లా గూఢచర్యం చేయాలి. పిల్లలు వెంటనే అల్లుకుపోయారు, పెద్దలు తడబడ్డారు. దానికి తోడు అతిథి ఏం చేసినా రెండో రాత్రి ముగింపు ఒక్కటే, ఎందుకంటే రే, కైలో రెన్‌ల కథ సినిమాలో అప్పటికే తేలిపోయింది. లార్ప్ వారి విమర్శల్లో నాకు సబబు అనిపించినది ఈ రెండోది. మరోవైపు, స్కాట్ ట్రోబ్రిడ్జ్, ఆన్ మారో జాన్సన్ వంటి డిస్నీ ఇమాజినీర్లు (ఇటువంటి ఆకర్షణలను రూపొందించే నిపుణులు) ముక్కూమొహం తెలియని కుటుంబాలను, ఆట నియమాలు ఏమీ చెప్పకుండా, రెండు రోజులు కథలో నిలబెట్టగలిగారు. ఆ స్థాయిలో అంతకు ముందు ఎవరూ చేయలేదు. థీమ్ వినోద రంగంలో ప్రతిష్ఠాత్మకమైన థియా అవార్డు దీనికి వచ్చింది.

మన రామోజీ ఫిల్మ్ సిటీలో బస చేయడం కూడా ఇటువంటిదేనా?

కాదు. అక్కడ సెట్లు చూస్తాం, ప్రదర్శనలు చూస్తాం, లోపలి హోటల్‌లో ఉంటాం. మాహిష్మతి సెట్టు ముందు నిలబడి ఫోటో తీసుకుంటాం గానీ, మాహిష్మతి పౌరులుగా మనకు ఎవరూ పని అప్పగించరు.

వెళ్లినవారు పొగడటం, పెట్టిన డబ్బును సమర్థించుకోవడమే కదా?

కొంత ఉండవచ్చు. అంత ఖర్చుపెట్టి బాగోలేదని ఒప్పుకోవడం ఎవరికైనా కష్టమే. అతిథుల సంతృప్తి చాలా ఎక్కువగా ఉందని డిస్నీ చెప్పిన మాటను కూడా ఈ దృష్టితోనే తీసుకోవాలి. కానీ మూతపడి, ఇక ఎవరినీ ఒప్పించవలసిన అవసరం లేని ఈ రోజుల్లో కూడా వారు ఆ నటులను, ఆ తోటి ప్రయాణికులను తలచుకుని కలుసుకుంటున్నారు. కేవలం సమర్థింపు అయితే ఇన్నాళ్లు నిలవదు. ఇంకొక సంగతి, వెళ్లనివారి వెక్కిరింతలో కూడా సమర్థింపు ఉంది: తాము కొనలేనిది మంచిది కాదని అనుకుంటే మనసుకు హాయిగా ఉంటుంది.

ఆ భవనం ఇప్పుడు ఏమైంది?

డిస్నీ ఇమాజినీర్ల కార్యాలయంగా వాడుతున్నారు. అతిథులకు ప్రవేశం లేదు.

ఇటువంటి ఖరీదైన పాత్రధారణ అనుభవానికి ముందుముందు సొమ్ము కట్టదలచినవారు ఏమి కనుక్కోవాలి?

ఇటువంటివి వస్తూనే ఉంటాయి, పోతూనే ఉంటాయి. న్యూయార్క్‌లో 2011 లో మొదలైన ‘స్లీప్ నో మోర్’ వంటి నాటకం పదమూడేళ్లకు పైగా నిలిచింది, యూటాలో 2018 లో తెరిచిన ఎవర్‌మోర్ పార్కు ఆరేళ్లలోపే పోయింది. సొమ్ము కట్టే ముందు, ఒక్కో నటుడికి ఎంతమంది అతిథులు ఉంటారో అడగండి. ఆ నిష్పత్తి చెప్పడానికి ఇష్టపడకపోతే అదే సమాధానం. కథ ఫోన్ మీద ఆధారపడితే, ఫోన్ పనిచేయనప్పుడు ఎవరి దగ్గరకు వెళ్లాలో, వారు పాత్రలో ఉంటారో మామూలుగా మాట్లాడతారో ముందే తెలుసుకోండి. భోజన ప్రదర్శనలో కుర్చీ ఎవరు కేటాయిస్తారో, మార్చమంటే మారుస్తారో లేదో అడగడానికి మొహమాటపడవద్దు. మీతో వచ్చేవారిలో పాత్రధారణ ఇష్టం లేనివారు ఉంటే, వారికి ఆ రెండు రోజులు కూర్చోవడానికి బయట చోటు ఉందా అన్నది కూడా చూడాలి; హాల్సియన్‌లో ఆకాశం కనిపించే చోటు ‘క్లైమేట్ సిమ్యులేటర్’ అనే చిన్న పెరడు ఒక్కటే. సంస్థే ప్రయాణాన్ని రద్దు చేస్తే సొమ్ము మొత్తం వెనక్కి వస్తుందా, లేక మరో తేదీకి తగ్గింపు ఇచ్చి సరిపెడతారా అన్నది రాతపూర్వకంగా చూసుకోండి. 2023 సెప్టెంబరు 30 నుంచి ఆ తరువాతి ప్రయాణాలకు ముందే బుక్ చేసుకున్నవారికి ఈ ప్రశ్న ఉన్నట్టుండి ఎదురైంది.